యుద్ధనౌకకు నగరం పేరు: పెట్టడంతో పని అయిపోతుందా?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. యుద్ధనౌకల నామకరణంపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. నగరాల పేర్లను ఓడలకు పెట్టడం ఆ నగరాలకు నౌకాదళం చేసే గౌరవమని చెప్పి వ్యాసకర్త అక్కడితో ఆగిపోయారు. అది సగం నిజమే. మూడున్నర శతాబ్దాల చరిత్రను తిరగేస్తే, నగరం తన వంతుగా డబ్బో, ఉక్కో, మనుషులనో, కనీసం తన జ్ఞాపకంలో కాస్త చోటో ఇచ్చినప్పుడే ఆ పేరుకు బలం వచ్చిందనీ, తక్కిన సందర్భాల్లో అది ఓడ వెనుక భాగాన రాసిన అక్షరాలుగానే మిగిలిపోయిందనీ కనబడుతుంది. ఈ రెండో సగం గురించి నాలుగు మాటలు చెప్పడానికే ఈ లేఖ.

అంతకంటే ముందు ఒక సవరణ అవసరం. 1939లో దక్షిణ అట్లాంటిక్‌లో జరిగిన పోరాటమూ, నేడు భారత నౌకాదళంలో ఉన్న క్షిపణి డిస్ట్రాయరూ వ్యాసంలో ఒకే ఢిల్లీ ఖాతాలో పడ్డాయి. నిజానికి ఆ పేరుతో వేర్వేరు ఓడలున్నాయి. బ్రిటిష్ నౌకాదళపు తేలికపాటి క్రూయిజర్ హెచ్‌ఎంఎస్ ఢిల్లీ 1918లో జలప్రవేశం చేసి, రెండో ప్రపంచ యుద్ధంలో కూడా పనిచేసి, 1948లో తుక్కు కింద అమ్ముడుపోయింది. సరిగ్గా అదే ఏడాది భారతదేశం బ్రిటన్ నుంచి ఎకిలీస్ అనే క్రూయిజర్‌ను తీసుకుని దానికి ఢిల్లీ అని పేరు పెట్టింది. ఈ ఎకిలీస్ న్యూజీలాండ్ నావికులతో, 1939 డిసెంబర్ 13న ప్లేట్ నది ముఖద్వారం దగ్గర ఎజాక్స్, ఎక్సెటర్ నౌకలతో కలిసి జర్మన్ నౌక అడ్మిరల్ గ్రాఫ్ స్పీని ఎదుర్కొన్న మాట వాస్తవమే కానీ, ఆనాటికి దానికీ ఢిల్లీ నగరానికీ ఏ సంబంధమూ లేదు. ఢిల్లీ అన్న పేరుతో అది పాల్గొన్న సైనికచర్య 1961 నాటి గోవా విమోచన. 1978లో విశ్రాంతి పొందాక దాని ఫిరంగి టరెట్ ఒకటి న్యూజీలాండ్‌కు చేరి, ఆక్లండ్‌లోని నౌకాస్థావరం దగ్గర నిలిచింది. అంటే ఆ ఓడను తమదిగా గుర్తుంచుకున్నవారు దాన్ని ఎకిలీస్‌గానే గుర్తుంచుకున్నారు. ఇప్పుడున్న ఐఎన్ఎస్ ఢిల్లీ వీటన్నిటికంటే వేరైన ఓడ. ముంబయిలోని మజగావ్ డాక్‌లో నిర్మితమై, 1997 నవంబర్ 15న నౌకాదళంలో చేరింది. ఈ తేడా చాదస్తంగా కనిపించవచ్చు గానీ, ఒక ఓడ చేసిన పనిని మరో ఓడకు అంటగడితే ఆ మొదటి ఓడలో ప్రాణాలొడ్డినవారి లెక్క తప్పుతుంది.

ఇక అసలు విషయం. నగరాల పేర్లు ఓడలకు రావడం వెనుక తొలినాళ్లలో ఉన్నది ముఖ్యంగా ఖజానా లెక్క. ఇంగ్లండ్ యుద్ధనౌక లండన్ 1665 మార్చిలో, డచ్చివారితో యుద్ధం మొదలవుతున్న వేళ, థేమ్స్ నది ముఖద్వారం దగ్గర తన మందుగుండే పేలి మునిగిపోయింది. సుమారు 300 మంది చనిపోయారు. దాని స్థానంలో మరో ఓడ కట్టించడానికి లండన్ నగరం ముందుకు వచ్చింది. రాజుపట్ల భక్తిని చాటుకోవడానికి దానికి లాయల్ లండన్ అని పేరు పెట్టారు. 1666లో నీళ్లలోకి దిగిన ఆ ఓడను మరుసటి ఏడాదే మెడ్‌వే నదిలోకి చొరబడిన డచ్చి నౌకాదళం తగలబెట్టింది. మిగిలిన భాగాలతో దాన్ని మళ్లీ కట్టి 1670లో నీళ్లలోకి దించినప్పుడు మాత్రం, ముందున్న భక్తి విశేషణం ఎగిరిపోయి ఒట్టి లండన్ మిగిలింది. రాజుకూ నగరానికీ మధ్య వాతావరణం ఎలా మారిందో ఆ పేరు కుదింపులోనే చదువుకోవచ్చునని నాకు అనిపిస్తుంది.

ఫ్రాన్స్‌లో కథ ఇంకా రసవత్తరం. బ్రిటన్‌తో 1756–63 నాటి ఏడేళ్ల యుద్ధంలో నౌకాదళం చితికిపోయినప్పుడు ష్వాజోల్ అనే మంత్రి రాష్ట్రాలనూ నగరాలనూ ఓడలు విరాళంగా ఇవ్వమని కోరాడు. పారిస్ నగరం ఇచ్చిన డబ్బుతో పూర్తయిన భారీ నౌకకు అప్పటిదాకా ఉన్న పేరు తీసేసి, పారిస్ నగరం అని అర్థం వచ్చేలా విల్ ద పారీ అని పెట్టారు. 1764లో జలప్రవేశం చేసిన ఆ ఓడే 1781లో చెసపీక్ అఖాతం వద్ద బ్రిటిష్ నౌకలను అడ్డుకున్న ఫ్రెంచ్ అడ్మిరల్ ద గ్రాస్ నౌకాదళానికి నాయకనౌక. యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సైన్యం లొంగిపోవడానికి, తద్వారా అమెరికా స్వాతంత్ర్యానికి ఆ అడ్డుకట్ట ఎంత కారణమో చరిత్ర చదివినవారికి తెలుసు. మరుసటి ఏడాది ఏప్రిల్ 12న కరీబియన్ సముద్రంలో జరిగిన సెయింట్స్ యుద్ధంలో బ్రిటిష్‌వారు దాన్ని పట్టుకున్నారు. ఇంగ్లండ్‌కు తీసుకువెళ్తుండగా తుఫానులో అది మునిగిపోయింది. తరువాత బ్రిటిష్‌వారు తమ సొంత మొదటి శ్రేణి నౌక ఒకదానికి, 1795లో, అదే పేరు పెట్టుకున్నారు. శత్రు రాజధాని పేరును తమ ఓడకు పెట్టడం గౌరవం ఎలా అవుతుంది? అది గెలుపు చిహ్నం, మరో మాటలో దోచుకున్న సొత్తు. మీ వ్యాసకర్త గారి సూత్రానికి ఈ ఒక్క ఉదాహరణే గట్టి దెబ్బ.

అమెరికాలోనూ తొలి ఫిలడెల్ఫియా యుద్ధనౌకల్లో ఒకదాన్ని ఆ నగరవాసులు చందాలు వేసుకుని కట్టించి 1799లో ప్రభుత్వానికి అప్పగించారు. నాలుగేళ్ల తరువాత, ఉత్తర ఆఫ్రికాలోని ట్రిపోలీ రాజ్యంతో యుద్ధం జరుగుతుండగా, అది ఆ తీరంలో నీటి కింది దిబ్బకు తగులుకుని, 307 మంది సిబ్బందితో సహా శత్రువుల చేతికి చిక్కింది. 1804 ఫిబ్రవరి 16 రాత్రి స్టీఫెన్ డెకేటర్ అనే యువ అధికారి కొద్దిమందితో రేవులోకి వెళ్లి, సొంత దేశపు ఓడనే శత్రువుకు దక్కకుండా తగలబెట్టి వచ్చాడు. నగరం ఇచ్చిన కానుక చివరకు సొంతవాళ్ల చేతిలోనే బూడిద కావలసి వచ్చింది.

ఇలా డబ్బిచ్చి పేరు సంపాదించుకున్న నగరాలు ఒకవైపు ఉంటే, అడగకుండానే పేరు లాక్కోబడిన నగరాలు మరోవైపు ఉన్నాయి. బొంబాయి రేవులో 1828లో కట్టిన హెచ్‌ఎంఎస్ బొంబాయి, అక్కడే 1831లో కట్టిన హెచ్‌ఎంఎస్ కలకత్తా, తరువాతి కాలంలో 1918లో జలప్రవేశం చేసి, 1941 జూన్ 1న క్రీట్ నుంచి సైనికుల తరలింపు సందర్భంగా జర్మన్ బాంబుదాడిలో మునిగిన మరో కలకత్తా క్రూయిజర్ ఈ కోవలోవి. ఆ పేర్లు పెట్టినప్పుడు కలకత్తా ప్రజలను గానీ బొంబాయి ప్రజలను గానీ అడిగినవారు లేరు. ఆ ఓడలు కనుమరుగైనప్పుడు ఆ ఊళ్లలో ఎవరూ తమ ఓడ పోయిందని విలపించినట్లు నేను ఎక్కడా చదవలేదు. తప్పు నగరాలది కాదు. పేరు వాటిది, ఓడ మాత్రం వాటిది కాదు.

ఒకే సముద్రంలో రెండు నగరాలు ఎదురెదురుగా నిలబడిన సందర్భం కూడా ఉంది. ఎమ్డెన్ జర్మనీ వాయవ్య తీరాన ఉన్న చిన్న రేవు పట్టణం. దాని పేరు మోసిన తేలికపాటి క్రూయిజర్ 1914లో హిందూ మహాసముద్రాన్ని రెండు నెలలకు పైగా గడగడలాడించింది. సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు తీరానికి వచ్చి సుమారు 130 గుండ్లు పేల్చి, బర్మా ఆయిల్ కంపెనీ నూనె ట్యాంకులను అంటించి వెళ్లిపోయింది. ఆ దాడికి గుర్తుగా మద్రాసు హైకోర్టు ప్రహరీ గోడకు నేటికీ ఒక ఫలకం ఉంది. చివరకు నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర దాన్ని పట్టుకుని చిత్తుచేసింది ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ. అంటే ఒక నగరం పేరు మరో నగరం మీద ఫిరంగులు పేల్చింది, మూడో నగరం పేరు దాన్ని అణచింది. బతికి బయటపడిన ఎమ్డెన్ నావికులకు, వారి సంతానానికి కూడా, తమ ఇంటిపేరు చివర ఎమ్డెన్ అని చేర్చుకునే హక్కును జర్మన్ ప్రభుత్వం ఇచ్చింది. ఊరిపేరు ఓడకు వచ్చి, ఓడపేరు ఇంటిపేరు కావడం చాలా అరుదు. ఓడిపోయిన ఓడకు దక్కిన ఆ మర్యాద గెలిచిన ఓడలు చాలావాటికి దక్కలేదు. సిడ్నీ నగరమూ తన ఓడను మరచిపోలేదు. తుక్కుగా మార్చే ముందు దాని స్తంభాన్ని ఊడదీసి, రేవు ఒడ్డున బ్రాడ్లీస్ హెడ్ అనే చోట నిలబెట్టుకుంది. అదే పేరుగల రెండో సిడ్నీ 1941 నవంబర్ 19న పశ్చిమ ఆస్ట్రేలియా తీరానికి దూరంగా జర్మన్ నౌక కార్మొరాన్‌తో తలపడి, 645 మందితో సహా ఒక్కరు కూడా మిగలకుండా పోయింది. దాని శకలాలు 2008లో గానీ దొరకలేదు.

జర్మనీ సంగతే మరొకటి చెబుతాను. కొలోన్ నగరం పేరు పెట్టుకున్న క్రూయిజర్ 1914 ఆగస్టు 28న హెలిగోలండ్ యుద్ధంలో మునిగింది. సిబ్బందిలో ఒక్కడే బతికాడు. ఆ ఓడ తాలూకు విరిగిన పడవ ఒకటి ఒడ్డుకు కొట్టుకువచ్చింది. కొలోన్ నగరవాసులు దాన్ని తెచ్చుకుని ఐగల్‌స్టైన్ అనే మధ్యయుగపు నగరద్వారంలో వేలాడదీశారు. సముద్రానికి చాలా దూరంలో, రైను నది ఒడ్డున ఉన్న ఊరు అది. నగరద్వారం కింద నడిచి పోయేవారి తలల పైన చెక్కలు ఊడిన ఓడ పడవ వేలాడుతూ ఉండటాన్ని మించి, పేరు ఇచ్చిన ఊరు తన ఓడతో బంధుత్వాన్ని ఒప్పుకున్న తీరు నాకు ఇంకొకటి తోచదు. ఇందుకు పూర్తిగా భిన్నమైనది కోనిగ్స్‌బర్గ్ గతి. ఆ పేరుగల జర్మన్ క్రూయిజర్‌ను 1940 ఏప్రిల్ 10న నార్వేలోని బెర్గెన్ రేవులో బ్రిటిష్ బాంబర్లు ముంచేశాయి. యుద్ధం ముగిసేసరికి ఆ నగరమే సోవియట్ యూనియన్ చేతికి పోయి, మరుసటి ఏడాది కాలినిన్‌గ్రాడ్ అయింది. ఇప్పుడు ఆ ఊరికీ ఆ పేరు లేదు, ఓడకూ లేదు.

నగరానికీ ఓడకూ మధ్య సంబంధం అన్నిటికంటే గాఢంగా కనిపించేది రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికాలో. అక్కడ యుద్ధనౌకల్లో పెద్దవాటికి రాష్ట్రాల పేర్లు, క్రూయిజర్లకు నగరాల పేర్లు పెట్టడం ఆనవాయితీ. హ్యూస్టన్ నగరవాసులు 1920లలోనే ఉద్యమంగా ఉత్తరాలు రాసి ఒక క్రూయిజర్‌కు తమ ఊరిపేరు సాధించుకున్నారు. ఆ ఓడ 1942 మార్చి 1న ఇండోనేషియాలోని సుందా జలసంధిలో జపాన్ నౌకల మధ్య చిక్కుకుని మునిగింది. ఓడలో ఉన్న 1,061 మందిలో 368 మంది ప్రాణాలతో బయటపడి ఖైదీలయ్యారు. వారిలో చాలామంది బర్మా–థాయిలాండ్ రైలుమార్గం పనిలో నలిగిపోయారు. ఈ సంగతి పూర్తిగా బయటపడింది యుద్ధం ముగిశాకే. కానీ ఓడ పోయిందన్న వార్త చాలు, ఆ నగరానికి. మే 30న నడివీధిలో, వేలాది జనం మధ్య, పోయిన సిబ్బంది స్థానంలో చేరడానికి 1,000 మంది యువకులు ప్రమాణం చేశారు. అంతటితో ఆగక, కొత్త ఓడ కట్టించడానికి యుద్ధ బాండ్లు కొన్నారు. 8.5 కోట్ల డాలర్లకు పైగా పోగైంది. అప్పటికే విక్స్‌బర్గ్ పేరుతో నిర్మాణంలో ఉన్న క్రూయిజర్‌కు ఆ పేరు తీసి హ్యూస్టన్ అని పెట్టారు. విక్స్‌బర్గ్ పట్టణాన్ని ఊరుకోబెట్టడానికి మరో ఓడకు ఆ పేరు ఇచ్చారు. దానికి అంతకుముందు అనుకున్న పేరు షయెన్. పేర్ల పంపకంలో ఒక ఊరికి న్యాయం చేస్తే వరుసలో మరో ఊరు నష్టపోక తప్పదన్నమాట. హ్యూస్టన్ డబ్బు మిగిలితే దానితో శాన్ జసింటో అనే చిన్న విమానవాహక నౌకకు కూడా సాయం అందింది. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన జార్జ్ బుష్ సీనియర్ పైలట్‌గా పనిచేసింది ఆ నౌక మీదే.

అట్లాంటా విషయంలోనూ ఇదే జరిగింది. ఆ ఊరికే చెందిన ప్రసిద్ధ రచయిత్రి మార్గరెట్ మిచెల్ 1941 సెప్టెంబర్‌లో అట్లాంటా క్రూయిజర్‌కు నామకరణం చేశారు. ఏడాది దాటీ దాటకుండానే, 1942 నవంబర్ 13న, పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవి దగ్గర అది మునిగింది. ఆమె బాండ్ల అమ్మకానికి స్వయంగా పూనుకుని, 1944 ఫిబ్రవరిలో అదే పేరుగల రెండో ఓడకు కూడా తన చేతితోనే నామకరణం చేశారు. ఒకే మనిషి ఒకే పేరును రెండు ఓడలకు పెట్టవలసి రావడం వెనుక ఉన్న బాధను ఆనాటి వేడుకల ఛాయాచిత్రాలు చెప్పవు.

ఇండియానాపొలిస్ కథ లోకమంతా ఎరిగినదే కాబట్టి దాన్ని పూర్తిగా చెప్పను. అణుబాంబు విడిభాగాలను టినియన్ దీవికి చేర్చి వస్తుండగా 1945 జూలై 30న జపాన్ జలాంతర్గామి టార్పిడోలకు అది మునిగింది. ఓడలో ఉన్న 1,195 మందిలో చివరకు 316 మంది మిగిలారు. నాలుగు రోజులకు పైగా వారు నీళ్లలో తేలుతూ ఉన్నా, ఓడ రాలేదన్న సంగతిని ఎవరూ పట్టించుకోలేదు. కెప్టెన్ మెక్‌వేను సైనిక న్యాయస్థానం దోషిగా తేల్చింది. ఇక్కడ నా వాదనకు కావలసిన భాగం తరువాతిది. ఆ మచ్చను చెరిపివేయాలని దశాబ్దాల తరువాత ఓడలో బతికినవారు, ఒక పాఠశాల విద్యార్థి పోరాడినప్పుడు వారి పక్షాన నిలిచినవారిలో ఇండియానాపొలిస్ అనే పేరే మోసిన అణు జలాంతర్గామి చివరి కమాండర్ కూడా ఉన్నారు. 2000లో అమెరికా కాంగ్రెస్ మెక్‌వే నిర్దోషి అని తీర్మానించింది. ఒక ఓడ పేరును మరో ఓడ మోయడమంటే ముందువారి అప్పును కూడా మోయడమేనని ఆ అధికారి చేతల్లో చూపించారు.

బ్రిటన్‌లో ఈ సంబంధానికి నాకు నచ్చిన ఉదాహరణ షెఫీల్డ్. తుప్పుపట్టని ఉక్కుకు 1913లో పుట్టినిల్లయిన నగరం అది. 1936లో షెఫీల్డ్ క్రూయిజర్ నీళ్లలోకి దిగినప్పుడు, మామూలుగా ఇత్తడితో చేసే పిడులు, కమ్మీలు, ఓడ గంట వంటివాటిని ఆ నగర కర్మాగారాలు స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసి ఇచ్చాయి. ఇత్తడికి రోజూ మెరుగు పెట్టే చాకిరీ నావికులకు బాగా తగ్గింది, ఓడకు మాత్రం మెరిసే షెఫ్ అన్న ముద్దుపేరు వచ్చింది. 1941 మే 26న ఆర్క్ రాయల్ నుంచి లేచిన సోర్డ్‌ఫిష్ విమానాలు ఈ ఓడనే జర్మన్ నౌక బిస్మార్క్ అని పొరబడి టార్పిడోలు వదిలాయి. వాటి అయస్కాంత డిటొనేటర్లు సరిగా పనిచేయక షెఫీల్డ్ బతికిపోయింది. ఆ లోపాన్ని గుర్తించి అదే సాయంత్రం వేరే రకం డిటొనేటర్లతో రెండోసారి వెళ్లిన విమానాలు బిస్మార్క్ చుక్కానిని దెబ్బతీశాయి. కవచమో ఫిరంగో కాకుండా ఒక పొరపాటు ఓడను కాపాడి, శత్రువును ముంచడానికి దారితీసిన వింత ఘట్టం అది. అదే పేరుగల డిస్ట్రాయర్‌కు మాత్రం అదృష్టం కలిసి రాలేదు. 1982 మే 4న ఫాక్‌లండ్స్ యుద్ధంలో ఎక్సోసెట్ క్షిపణి తగిలి 20 మంది మరణించారు, ఆరు రోజుల తరువాత ఓడ మునిగింది. మూడో షెఫీల్డ్ 1988లో చేరి, 2003లో చిలీకి అమ్ముడుపోయి పేరు మార్చుకుంది. గంట ఇచ్చినవారు, ఉక్కు ఇచ్చినవారు, చనిపోయినవారు అందరూ ఒకే పేరు కింద ఉన్నా, మూడూ మూడు ఓడలు.

షెఫీల్డ్ పోయిన మూడు వారాలకే, మే 25న, కోవెంట్రీ డిస్ట్రాయర్ 19 మందిని పోగొట్టుకుని మునిగింది. అదే పేరుగల మునుపటి క్రూయిజర్ కూడా 1942లో టోబ్రూక్ దగ్గర విమాన దాడికి పోయింది. కోవెంట్రీ నగరం 1940 నవంబర్‌లో బాంబుదాడికి దగ్ధమైనప్పుడు, కూలిన చర్చి కప్పు మేకులతో శిలువ చేసి దానికి గుర్తుగా నిలుపుకున్న ఊరు. అలాంటి మేకుల శిలువ ఒకటి డిస్ట్రాయర్‌లో ఉండేది. ఓడ మునిగాక నౌకాదళ గజ ఈతగాళ్లు సముద్రగర్భం నుంచి దాన్ని పైకి తెచ్చారు. తరువాత వచ్చిన కోవెంట్రీ ఫ్రిగేట్ దాన్ని మోసింది. ఆ ఫ్రిగేట్ రిటైరయ్యాక ఆ శిలువ ఇప్పుడు ఆ నగరంతో సంబంధమున్న డైమండ్ అనే డిస్ట్రాయర్‌లో ఉంది. నగరం పేరు ఆగిపోయినా నగరపు వస్తువు ప్రయాణం ఆగలేదు.

ఇక రాజకీయం. అమెరికన్ జలాంతర్గాములకు చిరకాలం చేపల పేర్లు ఉండేవి. 1970ల నుంచి లాస్ ఏంజెలెస్ తరగతికి చెందిన 62 జలాంతర్గాముల్లో ఒకటి తప్ప అన్నీ నగరాల, పట్టణాల పేర్లే మోశాయి. ఈ మార్పుకు కారణం అడిగితే చేపలకు ఓటు లేదని అమెరికా అణు నౌకాదళానికి ఆద్యుడైన అడ్మిరల్ రికోవర్ అన్నట్లు చెప్పుకుంటారు. ప్రతి పట్టణానికీ కాంగ్రెస్‌లో ఒక సభ్యుడుంటాడు, ఆ సభ్యుడి ఓటు మీదే నిధులు ఆధారపడతాయి. ఆ హాస్యం వెనుక ఉన్న లెక్క అంతే. ఆ వరుసలోనే కార్పస్ క్రిస్టీ అనే టెక్సాస్ పట్టణం పేరు వచ్చినప్పుడు మాత్రం గొడవ మొదలైంది. క్రీస్తు శరీరమన్న అర్థంగల పేరు అణు యుద్ధనౌకకు తగదని కాథలిక్కులు అభ్యంతరం చెప్పడంతో, 1982లో పేరు ముందు నగరం అన్న మాట చేర్చి తగాదా తీర్చారు. పేరు ఎవరిదో తేల్చడానికి అంత శ్రమపడిన వేరే సందర్భం నాకు గుర్తులేదు.

సోవియట్ యూనియన్‌లో ఈ రాజకీయం మరింత నగ్నంగా కనబడుతుంది. విమానవాహక నౌకలకు కీవ్, మిన్స్క్, బాకు అంటూ రిపబ్లిక్కుల రాజధానుల పేర్లు పెట్టారు. ఇప్పుడు అడ్మిరల్ కుజ్నెత్సోవ్‌గా ఉన్న నౌకకు నిర్మాణ దశలో రీగా, బ్రెజ్నెవ్, తిబిలిసీ అన్న పేర్లు ఒకదాని తరువాత ఒకటి వచ్చి పోయాయి. రాజ్యం విచ్చిన్నమవుతున్న వేళ ఆ పేర్లలోని ఊళ్లన్నీ వేరే దేశాలలోకి జారిపోయాయి. బాకు పేరు అడ్మిరల్ గోర్ష్కోవ్‌గా మారి, చివరకు 2013 నవంబర్ 16న భారత నౌకాదళంలో విక్రమాదిత్యగా అడుగుపెట్టింది. కీవ్, మిన్స్క్ నౌకలు చైనాకు పోయి వినోదకేంద్రాలయ్యాయి. రాజధాని పేరు పెట్టడంలోని ముప్పు వేరే విధంగానూ తెలుస్తుంది. తమ భారీ నౌక డాయిచ్‌లాండ్ మునిగితే దేశమే మునిగినట్లు చాటవచ్చునని భయపడి జర్మన్లు రెండో ప్రపంచ యుద్ధం మొదట్లోనే దాని పేరు ల్యూట్సోవ్‌గా మార్చేశారు. మాస్క్వా, అంటే మాస్కో, పేరుగల సోవియట్ నౌక 1941 జూన్‌లో రుమేనియా తీరాన మునిగింది. అదే పేరు తరువాత పెట్టుకున్న రష్యా క్షిపణి క్రూయిజర్ 2022 ఏప్రిల్ 14న నల్లసముద్రంలో పోయింది. రాజధాని పేరును శత్రువుల పత్రికలు ఆ రోజు ఎన్ని రకాల శీర్షికల్లో వాడుకున్నాయో చూసినవారికి జర్మన్ల భయం అర్థమవుతుంది.

ఈ వరుసలో భారత నౌకాదళం తీరు మరీ దూరమైనదేమీ కాదు. ఢిల్లీ తరువాత 1999లో మైసూరు, 2001లో ముంబయి, తరువాతి తరగతిలో 2014 నుంచి 2016 వరకు కోల్‌కతా, కొచ్చి, చెన్నై, ఆపై తరగతిలో 2021లో విశాఖపట్నం, 2022లో మోర్ముగావ్, 2023లో ఇంఫాల్, 2025 జనవరి 15న సూరత్ చేరాయి. వీటిలో కొన్ని పేర్లు పాతవే, కొత్త రూపంలో వచ్చాయి. ఆస్ట్రేలియాలో కట్టిన బొంబాయి, మద్రాసు అనే చిన్న మైన్‌స్వీపర్లు రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ ఇండియన్ నేవీలో పనిచేశాయి. నగరం పేరు మారితే ఆ తరువాతి ఓడ పేరు కూడా మారినట్లే. మోర్ముగావ్ సముద్ర పరీక్షలను గోవా విమోచనకు అరవై ఏళ్లు నిండిన రోజున మొదలుపెట్టారు. ఇంఫాల్ ఎంపికలో అక్కడ 1944లో జపాన్ సైన్యంతో జరిగిన పోరాటం జ్ఞాపకం ఉంది. ఈశాన్య రాష్ట్రాల నగరం పేరు పెట్టుకున్న తొలి యుద్ధనౌక అదే. దాని చిహ్నంలో కంగ్లా కోట, కంగ్లా షా అనే పౌరాణిక జీవి బొమ్మలు ఉన్నాయి. చైనా కూడా తన పెద్ద డిస్ట్రాయర్ నాన్‌చాంగ్‌కు ఆ నగరం పేరు పెట్టింది. 1927 ఆగస్టు 1న కమ్యూనిస్టు తిరుగుబాటు జరిగిన ఊరు అది. ఊరి చరిత్రలోని ఒక రోజును ఓడ మీదకు ఎక్కించడం ఇది.

ఇక ఆచరణలో ఒక సంగతి. లండన్ థేమ్స్ తీరాన 1971 నుంచి మ్యూజియంగా ఉన్న బెల్‌ఫాస్ట్ క్రూయిజర్ 1938లో అదే పేరుగల నగరంలో జలప్రవేశం చేసింది. ఇప్పుడు అదే పేరుతో కొత్త ఫ్రిగేట్ వస్తున్నందున, గందరగోళం లేకుండా పాత ఓడ పేరుకు పక్కన ఆ సంవత్సరాన్ని చేర్చి రాస్తున్నారు. మన పత్రికలు ఈ ఒక్క పద్ధతిని అలవరచుకుంటే మేలు. పాత ఓడ, కొత్త ఓడ కలసి వచ్చే ప్రతి వార్తలోనూ పేరు పక్కన జలప్రవేశ సంవత్సరమో, నౌకాదళంలో చేరిన సంవత్సరమో ఉంటే పాఠకుడు ఏ ఓడ గురించి చదువుతున్నాడో అతనికే తెలుస్తుంది.

దీనితోపాటు మీ విలేఖరులకు ఒక చిన్న విన్నపం. నౌకాదళంలో కొత్త నౌక చేరిన సందర్భాల్లో వేదిక మీది ప్రసంగాలు, దాని బరువు, పొడవు, క్షిపణుల సంఖ్య తప్పకుండా వస్తాయి. ఆ పేరు మునుపు ఏ ఓడకు ఉండేదో, ఆ ఓడ తాలూకు గంటో, చిహ్నమో, నావికుల పేర్లో ఆ నగరంలో ఎక్కడైనా పదిలపరిచి ఉన్నాయో, కొత్త ఓడకు నగరపాలక సంస్థ, పాఠశాలలు, పౌరసంఘాలు ఏం పంపాయో కూడా రాయించండి. ఏమీ లేదన్న జవాబు వచ్చినా ఫరవాలేదు, ఆ సంగతినీ అచ్చువేయండి. తరువాతి నౌక చేరేసరికి ఆ నగరం నుంచి వేరే జవాబు వినే అవకాశం ఉంటుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు